సగం సర్క్యూట్ అవతలి మిక్సర్‌లో ఉంటుంది: ఒక ఇన్‌లైన్ ప్రీఆంప్ కేస్

ఇన్‌లైన్ ప్రీఆంప్ అంటే మైక్‌కీ మిక్సర్‌కీ మధ్య పెట్టి, మైక్ సిగ్నల్‌ని పెంచే చిన్న డబ్బా. ఈ ఒక్క కేస్ కోసం నేను అలాంటివి మూడు కట్టాను. మొదటిది నా బెంచ్ మీద ముత్యంలా పనిచేసి, బయటికెళ్లిన రెండు చోట్లా నా పరువు తీసింది. రెండోది అసలు కట్టకుండా ఉండాల్సింది. మూడోది ఇప్పటికీ వాడకంలో ఉంది. మొదటిదానికీ మూడోదానికీ తేడా ఏమిటని అడిగితే ఇంకో రెండు జేఫెట్లు (ఒక రకం ట్రాన్సిస్టర్లు), ఒక రెసిస్టర్, ఒక సాయంత్రం కూర్చుని జతలు ఏరుకోవడం, అంతే. ఆ అంతేకి రావడానికి పట్టిన దారి మాత్రం చాలా పొడుగు, అందుకే రాస్తున్నాను. క్లయింట్‌ని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను, మెషీన్ల పేర్లు కూడా చెప్పను, ఎందుకంటే తప్పు ఆ మెషీన్లది కాదు, నాది.

వచ్చిన సమస్య

ఆవిడ ఆడియోబుక్‌లు చదువుతారు. మెత్తటి గొంతు, మైక్‌కి జానెడు దూరం నుంచి దాదాపు గుసగుసలా చదవడం ఆవిడ శైలి. వాడేది డైనమిక్ మైక్, సోర్స్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) 200 ఓమ్‌లు, సెన్సిటివిటీ పాస్కల్‌కి 1.1 మిల్లీవోల్ట్. ఇది ఎంత తక్కువో ఒకసారి లెక్కేద్దాం: మైక్ దగ్గర శబ్దం 60 డీబీ ఉందంటే అది 0.02 పాస్కల్, అంటే మైక్ నుంచి బయటికొచ్చేది 22 మైక్రోవోల్ట్‌లు. ఇంటర్‌ఫేస్‌లో (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) గెయిన్ నాబ్‌ని చివరిదాకా తిప్పితే 54 డీబీ. అయినా రికార్డింగ్‌లో పీక్స్ మైనస్ 30 దాటడం లేదు, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పైకి లేపితే మాటతోపాటు వెనక బుస కూడా లేస్తోంది.

ఆవిడ వచ్చింది ఒక్క మాటతో: "మైక్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య పెట్టే ఆ చిన్న డబ్బా ఒకటి చేసిపెడతారా? అడాప్టర్ అవసరం లేకుండా, ఫాంటమ్‌తోనే నడిచేది." ఫాంటమ్ అంటే మిక్సర్ నుంచి మైక్ తీగలోనే వచ్చే 48 వోల్ట్‌ల సప్లై. ఇంకో మాట కూడా అన్నారు, నేను సగం వినలేదు: అదే డబ్బా ఇంట్లోనూ, అప్పుడప్పుడు చదివే ఒక హాల్లోనూ, బయటికెళ్లినప్పుడు బ్యాటరీ రికార్డర్ మీదా వాడతానని. మూడు మెషీన్లు. ఆ మాట అప్పుడే నోట్‌బుక్‌లో రాసుకుని ఉంటే ఈ వ్యాసం సగమే అయ్యేది.

ముందు జబ్బు ఎక్కడుందో చూడాలి కదా

డబ్బా అడిగారు కదా అని వెంటనే కట్టలేదు, ఆ మాత్రం బుద్ధి ఉంది. బుస మైక్ వినే గదిదా, ఎలక్ట్రానిక్స్‌దా అన్నది మొదటి ప్రశ్న. గదిదైతే ఎన్ని ప్రీఆంప్‌లు పెట్టినా ఫ్యాన్ చప్పుడు ఇంకా బాగా వినిపిస్తుంది, అంతకుమించి ఒరిగేదేమీ లేదు. కాబట్టి ఒక ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్‌లో (మైక్ తీగలకి ఉండే మూడు పిన్ల ప్లగ్) పిన్ 2కీ 3కీ మధ్య 200 ఓమ్ రెసిస్టర్ వేసి, మైక్ బదులు దాన్ని ఇంటర్‌ఫేస్‌కి గుచ్చి, గెయిన్ పూర్తిగా పెట్టి రికార్డ్ చేశాం. బుస ఒక డీబీ కూడా తగ్గలేదు. అంటే గది కాదు, ఇంటర్‌ఫేసే.

తర్వాత తెలిసిన 1 మిల్లీవోల్ట్ టోన్‌తో పోల్చి కొలిస్తే ఇన్‌పుట్ వైపు లెక్కించిన నాయిస్ మైనస్ 120 డీబీయూ (0.775 వోల్ట్‌ని సున్నాగా తీసుకునే డీబీ కొలత) దగ్గర తేలింది. 20 కిలోహెర్ట్జ్ వెడల్పుకి ఇది రూట్ హెర్ట్జ్‌కి 5.5 నానోవోల్ట్. 200 ఓమ్ రెసిస్టర్ గది ఉష్ణోగ్రతలో తనంతట తాను చేసే నాయిస్ అదే లెక్కలో 1.8 నానోవోల్ట్. ఈ రెండు అంకెల మధ్య ఉన్నదే నాకు దొరికే మేత: 1.8 కిందికి ఎవరూ వెళ్లలేరు, 5.5 నుంచి 1.8కి ఎంత దగ్గరగా దిగగలిగితే అంత లాభం. అదే ఇంటర్‌ఫేస్ మైనస్ 128 రకం అయ్యుంటే ఈ డబ్బా వద్దని చెప్పి పంపించేసేవాణ్ని. నిజానికి ఇన్‌లైన్ ప్రీఆంప్ కావాలని వచ్చేవాళ్లలో చాలామందికి ఈ కొలత చేస్తే డబ్బా అవసరం లేదని తేలుతుంది, కానీ కొలవడం కంటే కొనడం తేలిక.

స్టెప్అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ఫాంటమ్ కూడా అక్కర్లేదు కదా అని ఆవిడే అడిగారు, మంచి ప్రశ్న. 1కి 10 ట్రాన్స్‌ఫార్మర్ 20 డీబీ ఇస్తుంది నిజమే, కానీ ఇంపీడెన్స్ నిష్పత్తి 100. ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్ 3 కిలో ఓమ్‌లు అయితే మైక్‌కి అది 30 ఓమ్‌లుగా కనిపిస్తుంది. 200 ఓమ్ మైక్ మీద 30 ఓమ్ లోడ్ అంటే వచ్చిన గెయిన్ మొత్తం అక్కడే పోతుంది. కాబట్టి యాక్టివ్ సర్క్యూటే.

మొదటి డబ్బా

ఫాంటమ్ పవర్ గురించి రెండు ముక్కలు, ఎందుకంటే కథంతా ఇక్కడే ఉంది. 48 వోల్ట్‌లు మిక్సర్ లోపల రెండు 6.8 కిలో ఓమ్ రెసిస్టర్ల గుండా పిన్ 2కీ పిన్ 3కీ సమానంగా వస్తాయి, తిరుగు దారి పిన్ 1. మైక్ సిగ్నల్ 2కీ 3కీ మధ్య తేడాగా వెళ్తుంది, డీసీ రెండిట్లోనూ ఒకటే కాబట్టి సిగ్నల్‌కి అడ్డు రాదు. ఇది 1966లో నాయ్‌మన్ కంపెనీ నార్వే రేడియో కోసం చేసిన ఏర్పాటు. 48 అన్న అంకె కూడా ఏదో లెక్క కట్టి తేల్చింది కాదు, అక్కడి స్టూడియోల్లో ఎమర్జెన్సీ లైట్ల కోసం అప్పటికే 48 వోల్ట్‌లు ఉన్నాయి, దాన్నే వాడుకున్నారు. ఇప్పటి ప్రమాణం ఐఈసీ 61938 ప్రకారం 48కి 4 అటూ ఇటూ, కరెంట్ 10 మిల్లీ ఆంపియర్లు మించకూడదు. రెండు పిన్లనీ కలిపి నేరుగా గ్రౌండ్‌కి షార్ట్ చేసినా వచ్చేది 14 మిల్లీ ఆంపియర్లే.

మొదటి సర్క్యూట్ అందరూ మొదట వేసేదే. ఒక్కో కాలికి, అంటే పిన్ 2, పిన్ 3 దారుల్లో ఒక్కోదానికి, ఒక జేఫెట్, 2ఎస్‌కే170 రకం. జేఫెట్‌కి మూడు కొసలు: గేట్‌కి ఇచ్చిన సిగ్నల్‌ని బట్టి డ్రెయిన్ నుంచి సోర్స్‌కి పారే కరెంట్ మారుతుంది. మైక్ పిన్లు గేట్లకి, గేట్ల నుంచి గ్రౌండ్‌కి చెరో 22 కిలో ఓమ్, సోర్స్‌ల కింద చెరో 47 ఓమ్, డ్రెయిన్లు నేరుగా అవుట్‌పుట్ ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్ 2, 3కి. సప్లై లేదు, కెపాసిటర్ లేదు, ఏమీ లేదు. మిక్సర్‌లోని 6.8 కిలో ఓమ్‌లే డ్రెయిన్ రెసిస్టర్లు. ఒక్కో కాలు 3 మిల్లీ ఆంపియర్లు లాగితే 6.8 మీద 20.4 వోల్ట్‌లు పడిపోయి, డ్రెయిన్ దగ్గర 27.6 మిగులుతుంది. ఈ జేఫెట్ తట్టుకునేది 40 వోల్ట్‌లు, సప్లై 48 కదా అని భయం వేస్తుంది కానీ జేఫెట్ పుట్టుకతోనే ఆన్‌లో ఉండే జీవి, గేట్ సున్నా దగ్గర ఉంటే కరెంట్ లాగుతూనే ఉంటుంది, కాబట్టి డ్రెయిన్ 48 దాకా లేవదు. పైగా డ్రెయిన్‌కి వచ్చే ఫాంటమ్ గేట్ వైపు పోదు, మైక్‌కి అసలు 48 తగలదు. 48 తగిలితే పాడయ్యే ప్రమాదం ఉన్న రిబ్బన్ మైక్‌లు వాడేవాళ్లకి ఇది పెద్ద ఊరట.

గెయిన్ లెక్క కూడా సులువే. ఈ కరెంట్ దగ్గర జేఫెట్ ట్రాన్స్‌కండక్టెన్స్ (గేట్ వోల్టేజీ మారితే కరెంట్ ఎంత మారుతుందన్న లెక్క) 20 మిల్లీ సీమెన్స్, అంటే లోపల 50 ఓమ్‌లు ఉన్నట్టు, దానికి 47 కలిపితే దాదాపు 100 ఓమ్‌లు. నా బెంచ్ మీది ప్రీఆంప్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ 3 కిలో ఓమ్‌లు, ఒక్కో కాలికి 1.5. గెయిన్ 1500 బై 100, అంటే 15 రెట్లు, 23.5 డీబీ. కొలిస్తే అంతే వచ్చింది. మొత్తం నాయిస్ 2.5 నానోవోల్ట్ దగ్గరికి దిగింది, 5.5తో పోలిస్తే 7 డీబీ లాభం. ఆవిడ ఇంటికెళ్లి ఒక అధ్యాయం చదివి పంపారు, వింటే వెనక నల్లటి నిశ్శబ్దం. నేను ఆ రోజు చాలా సంతోషంగా పడుకున్నాను.

ఒక విషయం మాత్రం చూసి వదిలేశాను. డబ్బా తగిలించి ఉండగా పిన్ 2కీ 3కీ మధ్య మీటర్ పెడితే 5.4 వోల్ట్‌ల డీసీ తేడా. ఒక జేఫెట్ 3.4 మిల్లీ ఆంపియర్లు లాగుతోంది, ఇంకోటి 2.6. ఒకే సంచిలోంచి తీసిన జేఫెట్లే అయినా ఇంత తేడా మామూలు, ఈ రకంలో ఒక్క జీఆర్ గ్రేడ్‌లోనే గేట్ సున్నా దగ్గర కరెంట్ 2.6 నుంచి 6.5 దాకా ఉండొచ్చని డేటాషీటే చెబుతుంది. ప్రీఆంప్ ఇన్‌పుట్‌లో కెపాసిటర్లు ఉంటాయి, డీసీని అవి ఆపేస్తాయి, ఏం ఫరవాలేదు అనుకున్నాను. నా ప్రీఆంప్‌లో ఉంటాయి. అందరి ప్రీఆంప్‌లోనూ ఉంటాయని ఎవరు చెప్పారు?

హాల్ నుంచి ఫోన్

రెండు వారాల తర్వాత ఫోన్. "ఇంట్లో బాగానే ఉందండీ. హాల్లో మాత్రం నా తర్వాత చదివే ఆయన గొంతు బొంగురుగా వస్తోంది. సౌండ్ కూడా ఇంట్లో పెరిగినంత పెరగలేదు." ఇంకో వారానికి మళ్లీ: "రికార్డర్ మీద సన్నగా ఈల వినిపిస్తోంది, డబ్బా తీసేస్తే పోతోంది."

నా మొదటి అనుమానం కేబుల్ మీద, రెండోది సోల్డరింగ్ మీద. రెండూ తప్పే. హాల్‌కి వెళ్లి చూస్తే అక్కడున్నది ట్రాన్స్‌ఫార్మర్ ఇన్‌పుట్ ఉన్న పాత కన్సోల్, అంటే పెద్ద మిక్సర్. అది చూడగానే 5.4 వోల్ట్‌లు గుర్తొచ్చాయి, చెంప మీద కొట్టినట్టు.

ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ పిన్ 2కీ 3కీ మధ్య నేరుగా ఉంటుంది, డీసీకి అది కొన్ని పదుల ఓమ్‌ల తీగ మాత్రమే. కాబట్టి అక్కడ 5.4 వోల్ట్‌ల తేడా నిలబడదు, రెండు పిన్లూ ఒకే వోల్టేజీకి వచ్చేసి, కాళ్ల మధ్య కరెంట్ తేడాలో సగం, అంటే 0.4 మిల్లీ ఆంపియర్లు, ప్రైమరీ చుట్టలో ఎప్పుడూ పారుతూ ఉంటుంది. చిన్న ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌కి అది చాలా ఎక్కువ. కోర్ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, కింది ఫ్రీక్వెన్సీల్లో ఒక అర్ధభాగం ముందే సాచురేట్ అవుతుంది, అంటే కోర్ అంతకుమించి అయస్కాంతాన్ని పట్టలేదు. ఆవిడ గొంతులో అడుగు ఫ్రీక్వెన్సీలు తక్కువ కాబట్టి తెలియలేదు, ఆయనది ఖంగుమనే మంద్ర స్వరం, దొరికిపోయింది. నిర్ధారణకి 1 కిలోహెర్ట్జ్ టోన్ పెట్టాను, శుభ్రంగా ఉంది. 60 హెర్ట్జ్ పెట్టాను, గరగర. డబ్బా తీసేసి అదే 60 పెట్టాను, మళ్లీ శుభ్రం. ఇంకేం చెప్పాలి.

గెయిన్ సంగతి కూడా అక్కడే తేలింది. ఆ కన్సోల్ ఇన్‌పుట్ 1.2 కిలో ఓమ్‌లు. ఒక్కో కాలికి 600, గెయిన్ 6 రెట్లు, 15.6 డీబీ. నేను 23.5 అని స్టిక్కర్ అంటించి ఇచ్చిన డబ్బా అది! అదే డబ్బాని 10 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్న ప్రీఆంప్‌కి తగిలిస్తే 34 డీబీ వస్తుంది. ఒకే డబ్బా, 15 నుంచి 34 దాకా. ఇన్‌లైన్ ప్రీఆంప్‌లో నేను కట్టేది సర్క్యూట్‌లో సగమే, డ్రెయిన్ రెసిస్టర్లు, లోడ్, సప్లై అన్నీ ఎవరిదో మెషీన్‌లో ఉంటాయన్న మాట నాకు ముందే తెలుసు. తెలిసీ నా బెంచ్ మీదున్న సగాన్నే లోకమంతా ఉందని అనుకున్నాను.

ఇక ఈల. బ్యాటరీ రికార్డర్‌లో 48 వోల్ట్‌లు ఒక చిన్న స్విచ్చింగ్ కన్వర్టర్ నుంచి వస్తాయి, దాని రిపుల్ (వోల్టేజీలో మిగిలే చిన్న అల) రెండు పిన్లకీ సమానంగా వస్తే ఇన్‌పుట్ దాన్ని కొట్టేస్తుంది. సమానంగా రావాలంటే 6.8 రెసిస్టర్లు రెండూ కచ్చితంగా జత కుదరాలి, 0.4 శాతం లోపు ఉండాలని ప్రమాణం చెప్పేది అందుకే. అక్కడ అవి కుదరలేదు. మామూలు మైక్ పిన్ల మధ్య 200 ఓమ్‌లు పెట్టి ఆ తేడాని అణిచేస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. నా జేఫెట్ డ్రెయిన్లది చాలా పెద్ద ఇంపీడెన్స్, అవి దేన్నీ అణచవు, ఈల నేరుగా లోపలికి వెళ్లిపోయింది.

రెండోది, కట్టకూడనిది

గెయిన్, ఈల సమస్యలకి మూలం అవుట్‌పుట్ ఇంపీడెన్స్ పెద్దదిగా ఉండటమే అని తేలాక, నేరుగా ఆపాంప్ (రెడీమేడ్ ఆంప్లిఫయర్ చిప్) వైపు పరిగెత్తాను. ఆపాంప్ అయితే గెయిన్ ఫీడ్‌బ్యాక్‌తో కట్టుబడి ఉంటుంది, లోడ్ ఏదైనా ఫరవాలేదు, కెపాసిటర్లతో డీసీ కూడా ఆగిపోతుంది. కాగితం మీద అందంగా ఉంది.

కాగితం మీదే ఇంకో రెండు లైన్లు రాయాల్సింది. 5534 అనే ఆపాంప్ నాయిస్ 4 నానోవోల్ట్ దాకా ఉంటుంది, బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌కి రెండు కావాలి, రెండూ కలిస్తే 5.7. ఇంటర్‌ఫేస్ నాయిస్ ఎంత? 5.5. మందే జబ్బంత ఉంది. పోనీ 1 నానోవోల్ట్ లోపు ఆపాంప్‌లు వేద్దామంటే ఒక్కోటి 7, 8 మిల్లీ ఆంపియర్లు తింటుంది, రెండిటికీ 15. ఫాంటమ్ మొత్తం పిండినా 14. నాయిస్ తగ్గాలంటే కరెంట్ కావాలి, ఫాంటమ్‌లో లేనిదే అది. ఒకే మిల్లీ ఆంపియర్‌తో జేఫెట్ ఇచ్చే నిశ్శబ్దాన్ని ఆపాంప్ ఇవ్వలేదు, ఎందుకంటే ఆపాంప్ తన కరెంట్‌లో చాలా భాగం అవుట్‌పుట్ స్టేజీకీ తన ఇతర పనులకీ ఖర్చు పెడుతుంది.

ఇదంతా తెలిసి కూడా 5534తో కట్టాను, ఫలితం ఎలా ఉంటుందో చూద్దామని. గెయిన్ మూడు మెషీన్ల మీదా 20 డీబీ, గీత గీసినట్టు. బుస అసలు తగ్గలేదు. ఫాంటమ్ ఆన్ చేస్తే కెపాసిటర్లు చార్జ్ అయ్యేదాకా ఢబ్‌మని చప్పుడు, పక్కన ఫోన్ పెడితే 217 హెర్ట్జ్ టకటకలు. ఆ డబ్బా ఎవరికీ ఇవ్వలేదు.

ఒక్క రెసిస్టర్

మళ్లీ మొదటి సర్క్యూట్ ముందు కూర్చుని ఒక ప్రశ్న వేసుకున్నాను. లోడ్ మారితే గెయిన్ మారుతోంది, సరే, లోడ్‌లో ఎక్కువ భాగం నా డబ్బాలోనే ఉంటే? పిన్ 2కీ 3కీ మధ్య నేనే ఒక 1.5 కిలో ఓమ్ అడ్డంగా వేస్తే? జేఫెట్లు జత కుదిరితే డీసీ రెండు పిన్ల మీదా సమానమే కాబట్టి కెపాసిటర్ కూడా అక్కర్లేదు. దాని సొంత నాయిస్ అవుట్‌పుట్ దగ్గర ఉంది, ఇన్‌పుట్‌కి లెక్కిస్తే గెయిన్‌తో భాగహారం అయిపోయి లెక్కలోకి రాదు.

ఖర్చు ఒక్కటే, గెయిన్ పడిపోతుంది. దాన్ని ట్రాన్స్‌కండక్టెన్స్‌తో కొనుక్కోవాలి. కరెంట్ పెంచలేను, ఇప్పటికే రెండు కాళ్లకీ కలిపి 6 మిల్లీ ఆంపియర్లు, రికార్డర్ బ్యాటరీ గురించి కూడా ఆలోచించాలి. అదే 3 మిల్లీ ఆంపియర్లని ఒక్క జేఫెట్ బదులు రెండిటికి పంచితే ఒక్కోటి 1.5 దగ్గర నడుస్తుంది, జేఫెట్ ట్రాన్స్‌కండక్టెన్స్ కరెంట్ వర్గమూలంతో మారుతుంది కాబట్టి రెండూ కలిసి 1.4 రెట్లు ఇస్తాయి: 20 బదులు 28 మిల్లీ సీమెన్స్, అదే కరెంట్‌కి. ఒక్కో జేఫెట్ సోర్స్ కింద దాని సొంత 22 ఓమ్ పెట్టాను, కరెంట్ సమంగా పంచుకోవడానికి. అన్నీ కలిస్తే కాలికి దాదాపు 20 మిల్లీ సీమెన్స్ పనికొస్తుంది. సోర్స్ కింది 47లు పోయాయి కాబట్టి వాటి నాయిస్ కూడా పోయింది.

ఫలితం ఇదీ. 3 కిలో ఓమ్ ఇంటర్‌ఫేస్ మీద 20 డీబీ. 1.2 కన్సోల్ మీద 16.5. 10 కిలో ఓమ్ మీద 22.3. మొదటి డబ్బాలో 18 డీబీ ఉన్న తేడా 6కి దిగింది. పూర్తిగా పోలేదు, పోవాలని కూడా నేను పట్టుబట్టలేదు, 6 డీబీని గెయిన్ నాబ్ చూసుకుంటుంది. ఇంట్లో మొత్తం నాయిస్ 2.2 నానోవోల్ట్, అంటే మొదటి డబ్బా కంటే ఇంకో డీబీ మెరుగు. ఈల సంగతి నేను ఊహించనిది: రికార్డర్‌ది కూడా 3 కిలో ఓమ్ ఇన్‌పుటే, పిన్ల మధ్య కనిపించే ఇంపీడెన్స్ 3 కిలో ఓమ్ నుంచి 1కి పడింది కాబట్టి ఈల 9.5 డీబీ తగ్గింది, గెయిన్ మాత్రం 3.5 డీబీయే తగ్గింది, మాటతో పోలిస్తే ఈల 6 డీబీ వెనక్కి పోయింది. రికార్డర్ వాడేది బయట, గాలి చప్పుడులో, అక్కడ అది సరిపోయింది.

డీసీకి మాత్రం అడ్డదారి లేదు. జేఫెట్లని నిజంగా నడిచే కరెంట్ దగ్గరే, అంటే 22 ఓమ్ సోర్స్ రెసిస్టర్‌తో, డ్రెయిన్ మీద పాతిక వోల్ట్‌లు పెట్టి, ఒక్కోటి అర నిమిషం వేడెక్కనిచ్చి కొలిచి, నాలుగేసి జట్లుగా ఏరాను. డేటాషీట్ షరతు దగ్గర కొలిచిన జతలు ఇక్కడ జతలు కావు, ఆ తప్పు కూడా ఒకసారి చేశాను. రెండు కాళ్ల తేడా 0.1 మిల్లీ ఆంపియర్ లోపుకి వచ్చింది, ప్రైమరీలో పారేది 0.05. హాల్లో 60 హెర్ట్జ్ టోన్ శుభ్రంగా వచ్చింది.

అప్పుడు హాల్లోనే ఇంకో కొలత చేశాను, చేయకుండా ఉంటే బాగుండేదేమో నా గర్వానికి. డబ్బా లేకుండా కన్సోల్ నాయిస్ కొలిస్తే 2.4 నానోవోల్ట్ లోపే ఉంది. మొదటి డబ్బా పెట్టినప్పుడు 2.5. అంటే ఆ హాల్లో మొదటి డబ్బా చేసింది గొంతు పాడుచేయడం ఒక్కటే, నిశ్శబ్దం విషయంలో లాభం సున్నా, రవ్వంత నష్టం కూడా. మూడో డబ్బాతో అయినా ఒక డీబీ కూడా తేడా లేదు, ఎవరి చెవికీ ఆనదు. కన్సోల్‌లో గెయిన్ కావలసినంత ఉంది. ఆవిడకి అదే చెప్పాను: "హాల్లో ఇది తీసేయండి, నేరుగా గుచ్చుకోండి." కాసేపు ఆగి, "మరి ఇన్ని రోజులు హాల్ కోసమే కదండీ తిరిగాం?" అన్నారు. నిజమే.

మిగిలిన చిన్నాచితకా

ఫోన్ టకటకలకి గేట్ దగ్గర 100 ఓమ్ స్టాపర్ రెసిస్టర్ వేయమని చాలామంది చెబుతారు. ఇక్కడ వేయలేదు, 200 ఓమ్ మైక్ ముందు రెండు 100లు వేస్తే నేను కష్టపడి తగ్గించిన నాయిస్ మళ్లీ తెచ్చుకున్నట్టే. బదులుగా గేట్ కాళ్ల మీద ఫెర్రైట్ పూసలు, రెండు కనెక్టర్ల దగ్గరా పిన్ 2, 3 నుంచి లోహపు డబ్బాకి 220 పికోఫారడ్లు. పిన్ 1ని బోర్డ్ మీద తిప్పకుండా కనెక్టర్ దగ్గరే డబ్బాకి పొట్టి తీగతో కలపాలి. బోర్డ్ గుండా తిప్పితే షీల్డ్ మీద వచ్చే చెత్తంతా సర్క్యూట్ గ్రౌండ్‌లోకి వస్తుంది.

ఇప్పుడు బెంచ్ మీద ఒక పరీక్ష పెట్టె ఉంది: 48 వోల్ట్‌లు, జత కుదిరిన 6.8 రెసిస్టర్లు, 1.2, 3, 10 కిలో ఓమ్‌లకి తిప్పే స్విచ్, ఒక పాత ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. ఏ ఇన్‌లైన్ డబ్బా అయినా నాలుగిట్లోనూ దాటాకే బయటికి వెళ్తుంది. క్లయింట్ మెషీన్ దగ్గరికెళ్తే ముందు చేసేది పిన్ 1కీ 2కీ మధ్య ఓపెన్ వోల్టేజీ, తర్వాత మిల్లీ ఆమ్మీటర్‌తో షార్ట్ కరెంట్, తర్వాత పిన్ 3కి అదే. 48, 7, 7 వస్తే సప్లై సవ్యంగా ఉన్నట్టు. 7 బదులు ఒకదాంట్లో 6.5 వచ్చిందంటే ఈల ఎక్కడి నుంచి వస్తుందో ముందే తెలిసిపోతుంది.

వయొలిన్ అడిగినప్పుడు

ఆవిడతో హాల్లో చదివే ఇంకొకరు వయొలిన్ కూడా వాయిస్తారు, బ్రిడ్జ్ కింద పీజో పికప్ (కంపనాన్ని వోల్టేజీగా మార్చే ముక్క) ఉంది. "మీ డబ్బా దీనికి కూడా పెట్టొచ్చా?" అని అడిగారు. జాక్ నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ తీగ ఒకటి చేసి పెట్టి చూశారు కూడా, తుప్పు రేకు మీద గీసినట్టు వచ్చిందట. అలాగే వస్తుంది. పీజో అంటే దాదాపు 1 నానోఫారడ్ కెపాసిటర్, నా డబ్బా ఇన్‌పుట్ రెండు 22లు కలిపి 44 కిలో ఓమ్‌లు. ఈ రెండూ కలిస్తే 3.6 కిలోహెర్ట్జ్ కింద ఉన్నదంతా కారిపోతుంది. వయొలిన్ అడుగు తీగ 196 హెర్ట్జ్.

దానికి 10 మెగ్ ఓమ్ ఇన్‌పుట్ కావాలి, అప్పుడు కటాఫ్ 16 హెర్ట్జ్‌కి దిగుతుంది. ఇక్కడ 22 కిలో ఓమ్‌లు తీసి 10 మెగ్‌లు వేస్తే చాలదు. 2ఎస్‌కే170 లాంటి పెద్ద జేఫెట్‌కి గేట్ కెపాసిటెన్స్ ఎక్కువ, డ్రెయిన్ మీద పాతిక వోల్ట్‌లు ఉంటే గేట్ లీకేజీ కూడా పెరుగుతుంది. 200 ఓమ్ మైక్‌కి ఆ లీకేజీ తెలియదు, 10 మెగ్ మీద అదే బయాస్‌ని కదిలిస్తుంది. పైగా పీజో సిగ్నల్ మైక్‌దానికంటే ఎన్నో రెట్లు పెద్దది, దానికి గెయిన్ అక్కర్లేదు, కావలసింది ఇంపీడెన్స్ మార్పిడి మాత్రమే. చిన్న జేఫెట్ ఒకటి, తక్కువ వోల్టేజీ మీద, సోర్స్ నుంచీ డ్రెయిన్ నుంచీ సమానమైన ఎదురుబొదురు సిగ్నల్ తీసి, రెండు పీఎన్‌పీ ఎమిటర్ ఫాలోవర్ల (గెయిన్ ఇవ్వకుండా ఇంపీడెన్స్‌ని తగ్గించే ట్రాన్సిస్టర్లు) గుండా పిన్లకి ఇవ్వడం: చాలా కండెన్సర్ మైక్‌లలో ఉండే అమరికే. అందులో అవుట్‌పుట్ ఇంపీడెన్స్ చిన్నది, కాబట్టి ఎవరి మిక్సర్ అయినా పెద్దగా తేడా రాదు. ఆ బోర్డ్ సగం సోల్డర్ అయి పరీక్ష పెట్టె పక్కనే ఉంది, స్విచ్‌ని ట్రాన్స్‌ఫార్మర్ వైపు తిప్పి చూడటం ఒక్కటే మిగిలింది.